చిన్న కంప్యూటర్లు: కొనేముందు, కొన్న తర్వాత

మన దాతలు సొసైటీకి ఇస్తున్న వస్తువుల్లో కుట్టు మిషన్లు, దుప్పట్లు, పాఠ్యపుస్తకాలతో పాటు కొన్నేళ్లుగా లాప్‌టాప్‌లు, ట్యాబ్‌లు కూడా చేరాయి. ఒక పేద విద్యార్థికి కంప్యూటర్ ఇప్పించాలని ఫోన్ చేసే వారు మమ్మల్ని ముందుగా అడిగేది, “ఎంతలో వస్తుంది?” అని. ఒకప్పుడు మేమూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాం, రెండుసార్లు దెబ్బతిన్నాం. ఆ తర్వాత మా ప్రశ్న మారింది. “ఈ యంత్రం చెడిపోతే, పోతే, పాతబడితే, దాని మీద ఆధారపడిన పని ఆగకుండా ఉంటుందా?” అని ఇప్పుడు అడుగుతున్నాం. చిన్న కంప్యూటర్ ఎంపికకైనా, వాడకానికైనా ఇదే సరైన కొలబద్ద అని మా అనుభవం. అది ఎందుకో ఈ వ్యాసంలో వివరిస్తాం.

నాలుగు కుటుంబాలు

ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పటి మా కార్యదర్శి గారి దగ్గర అరచేతిలో ఇమిడే ఆర్గనైజర్ ఒకటి ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు ఇచ్చింది. పెన్ను లాంటి పుల్లతో దాని అద్దం మీద రాయాలి. నెలనెలా సాయం అందుకునే వితంతువుల పేర్లు, వారి వీధులు, జకాత్ నిధి నుంచి ఎవరికి ఎంత, సదఖా నుంచి ఎవరికి ఎంత, విద్యార్థుల ఫీజుల గడువులు అన్నీ అందులోనే ఎక్కించారు. సమావేశంలో ఎవరి గురించి అడిగినా క్షణంలో చెప్పేవారు. మేమంతా ముచ్చటపడి, ఇక పాత రిజిస్టర్ ఎందుకని రాయడం మానేశాం.

ఒక ఏడాది ఆయనకు కామెర్లు వచ్చి మూడు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. ఆర్గనైజర్ ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. రంజాన్ రేషన్ పంచే సమయానికి తీసి చూస్తే వెలగలేదు. కొత్త బ్యాటరీలు వేశాం. వెలిగింది. కానీ కొన్న మొదటి రోజు లాగా తేదీ అడిగింది, పుల్లతో గురి చూసి తాకమంది. లోపల ఒక్క పేరు కూడా లేదు.

వీధి వీధీ తిరిగి, గుర్తున్నంత వరకు జాబితా మళ్లీ రాసుకున్నాం. నాలుగు కుటుంబాలు మాకు గుర్తు రాలేదు. పండుగ అయిపోయాక ఆ ఇళ్ల ఆడవాళ్లు ఆఫీసుకు వచ్చి, “మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?” అని అడిగారు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

తప్పు యంత్రానిది కాదు

ఆ తరం ఆర్గనైజర్లు ఎలా పనిచేసేవో తెలిసి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు. 1984లో బ్రిటన్‌లో సైయన్ సంస్థ తన మొదటి ఆర్గనైజర్‌ను తెచ్చింది. 1993లో ఆపిల్ సంస్థ న్యూటన్‌ను విడుదల చేసింది. 1996లో అమెరికాలో వచ్చిన పామ్ పైలట్‌తో ఈ చేతి యంత్రాలు సామాన్య ఉద్యోగుల జేబుల్లోకి వచ్చాయి. పైలట్ తొలి మోడల్‌లో మెమరీ 128 కేబీ మాత్రమే. రెండు సన్న పెన్సిల్ బ్యాటరీలతో వారాల తరబడి నడిచేది. అయితే ఆ మెమరీలో రాసింది నిలవాలన్నా ఆ బ్యాటరీలే దిక్కు. అవి పూర్తిగా అయిపోతే రాసిందంతా చెరిగిపోతుంది.

దాన్ని తయారు చేసిన వారికి ఈ సంగతి తెలుసు. అందుకే బల్లమీది కంప్యూటర్‌కు తోడుగా దాన్ని రూపొందించారు. యంత్రాన్ని ఒక చిన్న పీఠంలో నిలబెట్టి మీట నొక్కితే అందులోని సమాచారం రెండో ప్రతిగా కంప్యూటర్‌లోకి చేరుతుంది. అప్పట్లో మా ఆఫీసులో కంప్యూటరే లేదు. పీఠం అట్టపెట్టెలోనే ఉండిపోయింది. రెండో ప్రతి లేని చోట, రిజిస్టర్‌ను కూడా మేమే మానేశాం.

పైలట్ రూపకర్త జెఫ్ హాకిన్స్ గురించి ఒక విషయం ప్రసిద్ధం. యంత్రం తయారు చేయక ముందు ఆయన అదే కొలతలతో ఒక చెక్క ముక్క కోయించి జేబులో పెట్టుకుని తిరిగారు. ఎవరినైనా కలవాల్సి వస్తే ఆ చెక్కను తీసి, తేదీ చూస్తున్నట్టు, రాసుకుంటున్నట్టు చేసేవారు. రోజూ నిజంగా ఏ పనికి చెయ్యి జేబులోకి వెళ్తుందో అలా తేల్చుకున్నారు. చివరికి తేదీలు, చిరునామాలు, చేయాల్సిన పనులు, చిన్న చిన్న రాతలు అనే నాలుగు పనులు ముఖ్యమయ్యాయి. ముందు పని తేల్చుకుని తర్వాత యంత్రం గురించి ఆలోచించే ఈ పద్ధతి కొనే వారికి కూడా మంచి పాఠం.

తక్కువ ధర ఒక్కటే చాలదు

అందరికీ అందే కంప్యూటర్ కావాలన్న కల మన దేశంలోనూ ఉంది. బెంగళూరులో భారత విజ్ఞాన సంస్థ ఆచార్యులు, ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్‌ను రూపొందించారు. ఒకే యంత్రాన్ని ఊళ్లో పలువురు వాడుకునేలా, ఎవరి సమాచారం వారి స్మార్ట్‌కార్డులో ఉండేలా ఆలోచించారు. 2004లో అది మార్కెట్‌కు వచ్చింది కానీ పెద్దగా వ్యాపించలేదు. 2011లో విద్యార్థుల కోసం కేంద్రం ఆకాశ్ ట్యాబ్‌ను ప్రారంభించింది. ఏడు అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. తెరను గట్టిగా నొక్కితే గాని పలికేది కాదు. మరుసటి ఏడాది వచ్చిన రెండో రకంలో ర్యామ్‌ను రెట్టింపు చేసి, మెత్తగా తాకితే చాలనిపించే తెర పెట్టాల్సి వచ్చింది. లక్ష్యం గొప్పదే. కానీ ధరను ముందు ఖాయం చేసుకుని పనిని దానికి కుదించబోతే విద్యార్థికే ఇబ్బంది.

మేమూ అదే తప్పు చేశాం. ఒక ఏడాది ఉన్న సొమ్ముతో ఎక్కువ మందికి ఇవ్వాలని, 32 జీబీ నిల్వ మాత్రమే ఉన్న చవక మినీ లాప్‌టాప్‌లు ఇరవై కొన్నాం. పంపిణీ రోజు ఫొటో నిండుగా వచ్చింది. ఎనిమిది నెలల్లో సగం మూలపడ్డాయి. విండోస్ అప్‌డేట్ రాగానే లోపల చోటు చాలక నిలిచిపోయేవి. డిగ్రీ చదివే ఒక అమ్మాయి ఉపకార వేతనం దరఖాస్తుకు ఆఖరి రోజున కూర్చుంటే తెర మీద గంటల తరబడి చుక్కలే తిరిగాయి. రాత్రి పక్కింటి వారి ఫోన్‌లో హడావుడిగా పూర్తి చేసింది. ఒక పత్రం బదులు మరొకటి అప్‌లోడ్ అయింది. ఆ ఏడాది ఆమెకు వేతనం రాలేదు. మేము ఇచ్చింది సాయమే, కానీ దాన్ని నమ్ముకున్నందుకు ఆమె నష్టపోయింది.

కొనేటప్పుడు చూడాల్సినవి

పని: పాఠాలు వినడానికి, పుస్తకం చదవడానికి ట్యాబ్ సరిపోతుంది. వ్యాసాలు, ప్రాజెక్టులు, ప్రోగ్రామింగ్, ఉద్యోగ దరఖాస్తులు ఉన్నవారికి కీబోర్డు ఉన్న లాప్‌టాప్ తప్పదు. ఇంటింటి సర్వేకు వెళ్లే కార్యకర్తకు చేతిలో ఉన్న ఫోనే నేటి ఆర్గనైజర్. మరో యంత్రం కొనక్కర్లేదు.

ర్యామ్, నిల్వ: విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉండాలని తయారీదారే చెబుతున్నారు. అది మొదలవడానికి సరిపోయే కొలత మాత్రమే. నాలుగేళ్ల చదువుకు 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకోవడం మంచిది. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, బోర్డుకే అతికించేశారా అని దుకాణంలోనే అడగాలి.

అప్‌డేట్ల గడువు: పాత లాప్‌టాప్‌లు దానం చేయదలచిన వారు దీన్ని గమనించాలి. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి. విండోస్ 11 సుమారు 2018కి ముందు వచ్చిన ప్రాసెసర్లను అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి యంత్రాన్ని పారేయనక్కర్లేదు, లైనక్స్ వేస్తే చదువుకు ఇంకా పనికొస్తుంది. క్రోమ్‌బుక్ అయితే అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో దాని సెట్టింగ్స్‌లోనే తేదీ ఉంటుంది. ఆ గడువును మనం కొన్న రోజు నుంచి కాకుండా ఆ రకం మార్కెట్‌కు వచ్చిన నాటి నుంచి లెక్కిస్తారు.

బ్యాటరీ: వాడిన లాప్‌టాప్ కొనేటప్పుడు విండోస్‌లోనే బ్యాటరీ నివేదిక తీయించండి. కొత్తలో దాని సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే ఎంత అన్నవి రెండు అంకెలుగా కనిపిస్తాయి. మొదటిది 50 వాట్ అవర్లు, రెండోది 30 అయితే, మిగిలింది అరవై శాతమే. కొత్త బ్యాటరీ ఖరీదును కూడా ధరలో కలుపుకుని బేరం చేయాలి.

చార్జర్, మరమ్మతు: చార్జర్ మీద బీఐఎస్ గుర్తు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. విడిభాగాలు మన ఊళ్లోనో, దగ్గరి పట్టణంలోనో దొరికే రకమే కొనాలి. ఎంత మంచి యంత్రమైనా బాగుచేసే మనిషి అందుబాటులో లేకపోతే విద్యార్థికి అక్కరకు రాదు.

వాడేటప్పుడు పాటించాల్సినవి

లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో, కారులో ఫోన్ గాని లాప్‌టాప్ గాని ఉంచకూడదు. సెలవుల్లో పక్కన పెట్టేటప్పుడు సగం చార్జ్‌తో పెట్టాలి. పూర్తిగా ఖాళీ చేసి బీరువాలో పెడితే బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు. బ్యాటరీ ఉబ్బితే వెంటనే వాడకం ఆపాలి. గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ఇ-వ్యర్థాలు సేకరించే వారికే ఇవ్వాలి.

తెలుగు, ఉర్దూ ఏది టైపు చేసినా యూనికోడ్‌లోనే చేయాలి. డీటీపీ సెంటర్లలో వాడే పాత ఫాంట్లతో చేసిన మా పదేళ్ల జాబితా మరో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా కనిపించింది. ఫాంట్ ఉంటేనే చదవగలిగేది మన రికార్డు కిందికి రాదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒకే మనిషి పేరు ఒక కాగితంలో మహమ్మద్, మరో దానిలో మహ్మద్, ఇంకోదానిలో మొహమ్మద్ అని ఉంటుంది. కంప్యూటర్‌కు వారు ముగ్గురు. అందుకే మా జాబితాలో ప్రతి కుటుంబానికీ ఒక వరుస సంఖ్య ఇచ్చాం. వెతకడం ఆ సంఖ్యతోనే.

అమానత్

సాయం కోరి వచ్చినవారు తమ కష్టాలను, ఆధార్‌ను, బ్యాంకు వివరాలను మన చేతిలో పెడుతున్నారు. అది అమానత్. ఆ వివరాలు ఒక కార్యకర్త ఫోన్‌లో తాళం లేకుండా ఉంటే, ఫోన్ పోయిన రోజున వారి పరువు కూడా వీధిన పడుతుంది. ఫోన్‌కు, లాప్‌టాప్‌కు తప్పనిసరిగా పాస్‌వర్డ్ ఉండాలి. ఆధార్ ప్రతి తీసుకోవాల్సి వస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. సాయం అందుకునే వారి ఫొటోలు, పత్రాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదని మా కమిటీ నియమం పెట్టుకుంది.

ఇప్పుడు మా జాబితాకు మూడు ప్రతులు ఉన్నాయి. ఒకటి ఆఫీసు లాప్‌టాప్‌లో, ఒకటి పాస్‌వర్డ్ పెట్టి వేరే చోట దాచిన పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ప్రతి నెలా ప్రింటు తీసి రిజిస్టర్‌లో అంటించేది. ఆరు నెలలకోసారి పెన్‌డ్రైవ్ ప్రతిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూస్తాం. తెరిచి చూడని ప్రతిని నమ్మలేం.

దాతలకు మా విన్నపం

పది లాప్‌టాప్‌లకు సొమ్ము ఇవ్వదలచుకుంటే, ఎనిమిదే కొనడానికి మాకు అనుమతి ఇవ్వండి. ఒక్కోటి ముప్పై వేలనుకుంటే పదింటికి మూడు లక్షలు. ఎనిమిదింటికి రెండు లక్షల నలభై వేలు పోగా అరవై వేలు మిగులుతాయి. అంటే ఒక్కో యంత్రానికి ఏడున్నర వేలు. సంచి, కొత్త బ్యాటరీ, రెండు మూడు మరమ్మతులు అందులో జరుగుతాయి. పంపిణీ రోజున ఇద్దరు తక్కువగా కనిపిస్తారు. నాలుగో ఏట మాత్రం ఎనిమిది యంత్రాలూ పనిచేస్తూ ఉండే అవకాశం ఎక్కువ.

ఇచ్చి ఊరుకోకండి. మూడో ఏడాది మా ఆఫీసుకు వచ్చి, “మేము ఇచ్చినవి ఎన్ని నడుస్తున్నాయి?” అని లెక్క అడగండి. అడగడం మీ హక్కు, చూపించడం మా బాధ్యత. వచ్చినప్పుడు ప్రింటు రిజిస్టర్ కూడా తెరిచి చూడండి. అందులో ఒకటి నుంచి నాలుగు వరకు ఉన్న వరుస సంఖ్యలు, ఆ రంజాన్‌లో మేము మరిచిపోయిన నాలుగు కుటుంబాలవి.