రిటైర్మెంటు వయస్సు - మన ఉద్యోగాలు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి మలక్‌పేటకు తిరిగొచ్చే దారిలో మనం తరచూ వినే వాదన ఒకటుంది: పెద్దవాళ్ళు దిగితేనే కదా మనకు ఉద్యోగాలు! ఇది కొత్తది కాదు. ఒక ప్రభుత్వం దీన్ని అమలు చేసి చూసింది కూడా.

1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించింది. యువకులకు అవకాశాలివ్వాలన్నది ఒక కారణం. ఆ నెలాఖరుకే 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు 58 లెక్కన పెట్టుకున్నవారి సంగతి మనం ఊహించుకోవచ్చు. 1984 ఆగస్టులో వయస్సు మళ్ళీ 58 అయింది గానీ, మధ్యలో దిగిపోయినవారికి అది వర్తించలేదు. 1985 జనవరిలో కె.నాగరాజ్ కేసులో తగ్గింపు చెల్లుతుందన్న సుప్రీంకోర్టే, అదే ఏడాది బి.ప్రభాకరరావు కేసులో వీరిని మినహాయించడం చెల్లదన్నది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి మన తెలుగువారే.

ఇప్పుడు గాలి మళ్ళింది. ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022లో 62కు పెంచింది. తెలంగాణ 2021 మార్చిలో 61 చేసింది. దాంతో 2024 మార్చి వరకు మూడేళ్ళు ఇక్కడ వయస్సు మీద దిగేవారే దాదాపు లేరు. పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవారికి ఆ మూడేళ్ళు ఎంత పొడవో చెప్పనక్కరలేదు. ప్రభుత్వానికి మాత్రం గ్రాట్యుటీ వంటి పెద్ద చెల్లింపులు వాయిదా పడతాయి. అయినా తప్పంతా పెద్దవాళ్ళ మీద వేయడం సరికాదని మా అభిప్రాయం. ఖాళీ వేరు, నోటిఫికేషన్ వేరు. కుర్చీ ఖాళీ అయినంత మాత్రాన అది భర్తీ అవుతుందని లేదు.

అసలు ఈ 58, 61 లెక్కలు ఎంతమందికి? 2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 దాటినవారు 10 కోట్ల పైమాటే. వారిలో ఎక్కువమందికి రిటైర్మెంటు ఆర్డరే ఉండదు. మలక్‌పేట గంజ్‌లో ఉల్లిగడ్డల బస్తాలు మోసే హమాలీ నడుము ఆగినప్పుడే ఆగుతాడు. అతనికున్నది ఆసరా పింఛను. 2014లో వెయ్యి రూపాయలు, 2019లో 2,016 చేశారు. 2022 ఆగస్టు నుంచి అర్హత వయస్సు 65 బదులు 57 అయింది. అంటే అదే ప్రభుత్వం దృష్టిలో కూలివాడు 57కే వృద్ధుడు, ఉద్యోగి 61 దాకా కాదు! ఒళ్ళు అరిగే తీరు చూస్తే ఈ తేడా న్యాయమే అనిపిస్తుంది.

మనలో చాలామంది అమ్మానాన్నలు కూలివాళ్ళే. దసరా సెలవులకు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం చూడండి. అంచనాగా రాయించినవి చాలా ఉన్నాయి. ఓటరు కార్డులో ఒకటి, ఇందులో ఒకటి ఉంటే పింఛను దరఖాస్తు దగ్గర చిక్కు వస్తుంది.