పై స్థాయిలో క్లారినెట్ ఎందుకు మొరాయిస్తుంది?

ప్రశ్న: నా క్లారినెట్ కింది స్వరాల్లో నిండుగా మోగుతుంది. పైకి వెళ్తే పలచబడి, శ్రుతి దిగుతోంది. లోపం నాదా, వాయిద్యానిదా?

జవాబు: కొంత వాయిద్యానిదే. ఒక కొస మూసినట్టు పనిచేసే స్తూపాకార గొట్టం ఇది. షడ్జం పట్టి రిజిస్టర్ కీ నొక్కితే ఫ్లూట్‌లా పై షడ్జం రాదు, ఏకంగా పై స్థాయి పంచమం పలుకుతుంది. ఆ కీ కింది రంధ్రం నిజానికి ఒక్కో స్వరానికి ఒక్కో చోట ఉండాలి. ఉన్నది ఒక్కటే, బి ఫ్లాట్ పలికించే భారమూ దానిదే. రాజీ తప్పదు. 1950ల్లో క్లారినెట్ల తయారీ సంస్థ బఫే క్రాంపన్ తన ఆర్13 మోడల్‌లో గొట్టం లోపలి వ్యాసాన్ని మెట్లుమెట్లుగా మార్చింది అందుకే. మీరైతే ముందు రీడ్ చూడండి. మరీ మెత్తనిదైతే పై స్వరాలు దిగుతాయి. తర్వాత ప్యాడ్లలో గాలి కారుతోందేమో చూపించండి. కొత్తది కొనడం ఆఖరి మాట.