కారు వైద్యం: బండి ఎప్పుడు ఆగుతోంది?

ప్రశ్న: మా పెట్రోలు కారు కొని తొమ్మిదేళ్లయింది. ముప్పై నలభై కిలోమీటర్లు నడిచాక ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతోంది. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతోంది. మా అబ్బాయి ఫోనుకి కలిపే స్కానర్ కొన్నాడు. అందులో పీ0335 అని వచ్చింది. వీడియోలు చూసి ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్, పెట్రోలు పంపు మార్పించాం. ట్యాంకులో క్లీనర్ కూడా పోశాం. ఇప్పుడు ఇంజిన్ కంప్యూటర్, అదే ఈసీయూ, పోయిందేమో అంటున్నాడు. కొత్తది ఎంతవుతుంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈసీయూ ధర నేను చెప్పను. చెబితే అదీ కొనేస్తారు.

వేడెక్కితే ఆగడం, చల్లబడితే లేవడం. ఈ లక్షణం వినగానే ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌ని. ఇంజిన్ తిరుగుతోందని ఈసీయూకి కబురు చేరవేసేది అదే. చాలా బండ్లలో దాని లోపల వెంట్రుకంత సన్నటి తీగ చుట్ట ఉంటుంది. వేడికి సాగి ఎక్కడో విడిపోతుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. కబురు ఆగిందా, ఇంజిన్ తిరగడం లేదనుకుని ఈసీయూ పెట్రోలూ స్పార్కూ రెండూ కట్టేస్తుంది. ఈసారి ఆగినప్పుడు సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. ఇసుమంతైనా కదలకపోతే అనుమానం బలపడినట్టే.

స్కానర్ చెప్పిందీ అదే కదా అంటారు. చెప్పింది, మీరే వినలేదు. పీ0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్. దాన్ని వదిలేసి పంపు మార్చారు, ఎందుకంటే వీడియోలో ఎవరికో పంపు మారిస్తే బాగైంది. పక్కింటాయన మందు చీటీతో మాత్రలు కొనుక్కోవడం అంటే ఇదే. ఇంకోటి అడుగుతాను. అబ్బాయి ఆ కోడ్‌ని చెరిపేశాడా? చెరిపేసే ఉంటాడు, ఆ బటన్ కనిపిస్తే ఎవరి వేలూ ఊరుకోదు. లోపం పట్టుబడిన క్షణాన ఇంజిన్ ఎంత వేడి మీద ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో ఈసీయూ రాసిపెట్టుకున్న లెక్క కూడా కోడ్‌తో పాటే పోతుంది. నా షెడ్డుకి వచ్చేవాళ్లలో చాలామంది ఇలా జ్వరం చార్టు చించేసి, రోగిని మాత్రం మోసుకొస్తారు.

ఆ కోడ్ కూడా సెన్సర్ ఒక్కదాన్నే తప్పుపట్టదు. దారిలో వైరుంది, కనెక్టరుంది. ఎలుక కొరికిన వైరుకి కొత్త సెన్సర్ ఏం చేస్తుంది? కనెక్టర్ ఊడదీసి ఆయిలు చేరిందేమో చూడమనండి, వైరు పొడుగునా పట్టి చూడమనండి, ఆ తర్వాతే సెన్సర్. అబ్బాయిని తిట్టకండి. స్కానర్ మంచి పరికరమే. థర్మామీటర్ కొన్నవాడు మందులు రాయడం మొదలుపెట్టడమే నా బాధ.

బాగయ్యేదాకా హైవే ఎక్కొద్దు. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండుసార్లే మెత్తగా పడుతుంది. కాబట్టి పదేపదే తొక్కకుండా, ఒక్కసారే గట్టిగా తొక్కిపట్టి ఎడమకి తీయండి. బండి పూర్తిగా నిలబడకముందే తాళంచెవి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టి మలుపుల్లో ఇంజిన్ ఆగుతోంది. నేనెప్పుడూ రెండొందల పెట్రోలే పోయిస్తాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– నెల్లూరు

జవాబు: ఉంది. సగం ట్యాంకు పోయించండి. పంపు ట్యాంకులోనే ఉంటుంది, పెట్రోలు అడుగంటితే ఎత్తులో, మలుపులో పక్కకి జరిగి దానికి అందదు. దాన్ని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. అప్పటికీ ఆగితే రాయండి.

ప్రశ్న: రెండు నెలలుగా కారు నేర్చుకుంటున్నాను. సిగ్నల్ దగ్గర ఆపగానే ఇంజిన్ ఆగిపోతోంది. వెనకాల హారన్లు. మావారు "నీ చేతిలో పడితే ఇంతే" అంటున్నారు. క్లచ్ ఎలా వదలాలో వివరంగా చెప్పండి. న్యూట్రల్‌లో ఉన్నా ఒక్కోసారి ఆగుతోంది, ముఖ్యంగా ఏసీ వేస్తే.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తల్లీ, ఆ చివరి వాక్యం మొదట రాసుండాల్సింది. న్యూట్రల్‌లో ఆగే బండికి క్లచ్‌తో పనేముంది?

హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఏసీ వేయండి. ఆర్‌పీఎం ముల్లు 800 దగ్గర కొంచెం తడబడి మళ్లీ నిలదొక్కుకోవాలి. 500కి జారి బండి వణుకుతుంటే తప్పు మీది కాదు, మసిపట్టిన త్రాటిల్ బాడీది కావచ్చు, లేదా ఎక్కడో గాలి పీలుస్తున్న రబ్బరు గొట్టానిది. ఈ పరీక్ష మీవారి ముందే చేయండి. ఆయన ఆగకుండా నడుపుతున్నారంటే సిగ్నల్ దగ్గర కాలితో ఎక్సలేటర్ కాస్త నొక్కి ఉంచుతున్నారేమో, గమనించండి. పాత డ్రైవర్లు బండి జబ్బుని ఇలాగే తెలియకుండా మోస్తుంటారు.

క్లచ్ సంగతి వచ్చేసారి. మీకు దాని అవసరం పడుతుందనుకోను.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా కారు సీట్ల దాకా మునిగింది. ఇంజిన్ బాగుచేయించాం. కానీ గతుకులో పడితే ఇప్పటికీ ఆగుతోంది. ఇంజిన్ లోపల కడిగే మందేదైనా ఉందా?
– విజయవాడ

జవాబు: మందొద్దు. గతుక్కి ఆగేది ఇంజిన్ జబ్బు కాదు, తీగల జబ్బు. కార్పెట్ కింది కనెక్టర్లు, ఫ్యూజ్ బాక్స్, బాడీకి బిగించిన ఎర్త్ వైర్లు విప్పించండి, పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఇది మెకానిక్ పని కాదు, ఓపికున్న ఆటో ఎలక్ట్రీషియన్ పని. నీళ్లలో ఆగినప్పుడు సెల్ఫ్ కొట్టారా అని అడగను, జవాబు వింటే ఇద్దరికీ బాధ.

ప్రశ్న: మా నాన్నగారి 1996 మారుతి 800. ఆయన పోయి ఏడాదైంది. నెలకోసారి స్టార్ట్ చేస్తాను. రెండు నిమిషాలు నడిచి ఆగిపోతుంది. ఇంట్లో అందరూ అమ్మేయమంటున్నారు. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అవుతుంది. కార్బొరేటర్ గిన్నెలో ఉన్న పెట్రోలు అయ్యేదాకా నడుస్తోంది, ట్యాంకు నుంచి కొత్తది రావడం లేదు, అంతే. పాత పెట్రోలు మొత్తం తీయించండి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది నిలవుంటే తేమ పీలుస్తుంది, పాత రబ్బరుకీ పడదు. గొట్టాలు, ఫిల్టరు, పంపు డయాఫ్రం మార్పించి జెట్లు శుభ్రం చేయించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

అమ్మాలో వద్దో మీరు నన్ను అడగలేదు, నేనూ చెప్పను. కానీ వాకిట్లో స్టార్ట్ చేసి ఆపేయడం మానండి, దానివల్ల బ్యాటరీ దిగిపోవడం తప్ప ఏమీ ఒరగదు. రెండు వారాలకోసారి, పొద్దున్నే ట్రాఫిక్ లేనప్పుడు, ఆయన వెళ్లే దారినే ఒక పదిహేను కిలోమీటర్లు తిప్పి తీసుకురండి.