కాటా పట్టిన 38 ఏళ్లు

పోయిన దసరాకు ముందు మా మనవరాలి బడి నుంచి ప్రోగ్రెస్ కార్డు వచ్చింది. లెక్కలు, సైన్సు మార్కుల కింద ఎత్తు, బరువు, బీఎమ్ఐ అని మూడు గడులు. మూడో గడిలో అంకెకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. పిల్ల హైదరాబాదులో ఏడో తరగతి. అల్లుడు ఆ కార్డును ఫోటో తీసి పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "పిల్లల బరువుతో బడికేం పని అత్తమ్మా? రేపు గవర్నమెంటు కూడా కాటా పట్టుకుని ఇంటికొస్తుందా?" అన్నాడు. నాకు నవ్వాగలేదు. గవర్నమెంటు తరఫున కాటా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది నేనే. పడమటి కర్నూలు పల్లెలో 1983లో అంగన్‌వాడీ టీచరుగా చేరాను, తర్వాత సూపర్‌వైజరునై 2021లో రిటైరయ్యాను. ఫోనులో అతనికి చెప్పడం కుదరనిది ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోవాలి

మా కాలంలో సాల్టర్ కాటా ఉండేది. గడియారంలా గుండ్రంగా, 25 కిలోల దాకా గీతలు. దూలానికో వేపకొమ్మకో కట్టి, కింద కొక్కేనికి నిక్కరులాంటి గుడ్డసంచి తగిలించి అందులో బిడ్డను కూర్చోబెట్టేవాళ్లం. సంచి తగిలించాక ముల్లును సున్నాకు తిప్పుకోకపోతే సంచి బరువు కూడా బిడ్డ లెక్కలో పడుతుంది. వెండి మొలతాడు, కడియాలు తీయమంటే అవ్వలు ఒప్పుకోరు. బిడ్డ గుక్కపట్టి కాళ్లాడిస్తుంటే ముల్లు నిలవదు. ఒక్కోసారి ఒంటేలు నా చీర మీద, అంకె నా ఊహ మీద.

బళ్లలో ఇప్పుడు డిజిటల్ మిషన్లు వచ్చాయి కానీ జాగ్రత్త రాలేదు. బూట్లతో, బెల్టుతో, అన్నం తిన్న అరగంటకే నిలబెడతారు. ఎత్తు గోడ మీది గీతకు ఆనించి చూస్తారు. బీఎమ్ఐ అంటే బరువును ఎత్తు వర్గంతో భాగించడం. 150 సెంటీమీటర్ల పిల్ల 45 కిలోలుంటే సరిగ్గా 20 వస్తుంది. అదే పిల్ల ఎత్తును 147 అని రాశారంటే 20.8 అవుతుంది. పిల్ల ఒక్క గ్రాము పెరగలేదు, కొలిచినాయన మూడు సెంటీమీటర్లు మింగాడంతే. పైగా పెద్దవాళ్ల గీతలు పిల్లలకు పనికిరావు. వయసును బట్టి, ఆడా మగా బట్టి గీత మారుతుంది. మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 5 నుంచి 18 ఏళ్లవాళ్లకు 2015లో వేరే పటాలే ఇచ్చింది. ఎర్ర సున్నా చుట్టిన చెయ్యి వాటిని చూసిందో లేదో నాకు అనుమానమే.

2. ఒక్క తూకం చాడీ లాంటిది

ఒక్కనాటి బరువును పట్టుకుని బిడ్డ గురించి తీర్పు చెప్పకూడదు. మేం నెలనెలా చుక్క పెట్టి, చుక్కలన్నీ కలిపి గీత గీసేవాళ్లం. మొదట్లో ఒకటో గ్రేడు, రెండో గ్రేడు అంటూ నాలుగో గ్రేడు దాకా లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలు మన కేంద్రాలకు వచ్చాక ఆకుపచ్చ, పసుపు, నారింజ పట్టీలు వచ్చాయి. రంగు ఏదైనా నేను చూసేది గీత ఎటు పోతున్నదని. సన్నగా ఉన్నా గీత పైకి పోతుంటే భయం లేదు. బొద్దుగా ఉన్న బిడ్డైనా మూడు నెలలు అడ్డంగా పోతే ఆ ఇంటికి పోయి పొయ్యి చూసి రావాలి.

మా మండలంలో సంక్రాంతి దాటితే ఊళ్లు ఖాళీ. మిరపకోతలకు గుంటూరు వైపు లారీలెక్కేవాళ్లు, పసిబిడ్డల్నీ వెంట తీసుకునే. ఎండలు ముదిరాక తిరిగొస్తే కార్డులో మూడు నెలలు ఖాళీ, ఆ తర్వాత పెట్టే చుక్క కిందికి. అమ్మ చేనులో, బిడ్డ గట్టు మీద మంటపుట్టే మిరప ఘాటులో. వేళకు పాలెక్కడివి, సంగటి ఎక్కడిది? ఆ చుక్కను చూసి తల్లిని తప్పుపట్టినవాళ్లను చాలామందిని చూశాను. గీత చెప్పింది తల్లి సంగతి కాదు, మా వానల సంగతి, కూలి సంగతి.

3. తూచే చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి

చేరిన కొత్తలో ఒకామె బిడ్డను కొంగుచాటు చేసుకుని, "మా వాణ్ని తూస్తే దిష్టి తగుల్తాది. తూచి ఏమిస్తావు టీచరమ్మా?" అనింది. మొదటి మాటకు నా దగ్గర జవాబుంది, ట్రైనింగులో చెప్పారు. రెండో మాటకు లేదు. ఆ నెల సరుకు రాలేదు. వట్టి చేతుల్తో కాటా పట్టుకొచ్చినదాన్ని ఆమె ఎందుకు నమ్మాలి?

తర్వాత గుడ్లు వచ్చాయి, బాలామృతం ప్యాకెట్లు వచ్చాయి. తల్లులు పిలవకుండానే వరసకట్టారు, దిష్టి ఎటు పోయిందో తెలియదు. దండకు చుట్టే టేపు 11.5 సెంటీమీటర్ల లోపు చూపిస్తే బిడ్డను ఆస్పత్రికి పంపే దారీ ఏర్పడింది. అప్పటినుంచి కాటా అంటే నాకు సిగ్గు పోయింది.

అల్లుడు అడిగినదానికి నా జవాబులో సగం ఇదే. అయిదేళ్లలోపు పిల్లల్ని గవర్నమెంటు తూచాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఈ వయసు పిల్లల్లో నూటికి 32.1 మంది ఉండాల్సిన బరువు లేరు. అధిక బరువున్నవాళ్లు 3.4. పట్నంలో ఒక పిల్ల మనసు నొచ్చుకుందని పల్లెలో కాటా దించేస్తే, ఆ 32 మంది ఎవరికీ కనపడకుండా పోతారు. బక్కతనం నిత్యం చూసేవాళ్ల కంటికి ఆనదు. ఊళ్లో పిల్లలంతా అలాగే ఉంటే అదే మామూలు అనిపిస్తుంది.

4. అంకెకు తిట్లు ముడిపెడితే అంకె అబద్ధమాడుతుంది

ఇది నా తప్పు, దాచను. 1994 వానాకాలం. వాగవతలి కాలనీకి మూడు నెలలు పోలేదు. వాగు అడ్డమన్నది సగమే నిజం. నెలకు 200 గ్రాముల చొప్పున కలుపుతూ రిజిస్టరు నింపేశాను. ఆ వయసు బిడ్డ సుమారుగా అంతే పెరుగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నా రిజిస్టరులో 8 కిలోల 600 గ్రాములున్న ఆడబిడ్డకు తట్టు పోసి, విరేచనాలు పట్టుకుని, జిల్లా ఆస్పత్రికి చేర్చేసరికి ఉన్నది 6 కిలోల 900. బిడ్డ ఇరవై రోజులుండి బతికి బయటపడింది. డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. రిజిస్టరు తెరిచి, ఆ పేజీ చూసి, మూసి నా చేతికిచ్చాడు.

ఎందుకు చేశానంటే, నెలనెలా మీటింగులో మూడు, నాలుగు గ్రేడుల బిడ్డలు ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లను లేపి నిలబెట్టేవాళ్లు. బక్కబిడ్డ కనపడితే టీచరుకు చివాట్లు. ఇక బక్కబిడ్డలు కాగితం మీద ఎందుకుంటారు? తర్వాత నేనే సూపర్‌వైజరునయ్యాక, కిందికి పోయిన చుక్కను తనంతట తాను చూపించిన టీచరును ముందు కూర్చోబెట్టి టీ తెప్పించేదాన్ని. 2021 నుంచి అంతా ఫోనులోనే, పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లోనే. ఫోనైనా తిట్లకు భయపడే చేతిలోనే ఉంది.

5. బరువు పిల్లది, క్లాసుది కాదు

దసరా సెలవులకు మనవరాలు వచ్చింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. మూడో రోజు నా పక్కన పడుకుని చెప్పింది. ఆటల సారు అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి అంకె గట్టిగా చదివితే లీడరు రాసుకుందట. దీని వంతుకు "నలభై తొమ్మిది!" అన్నారట. వెనకనుంచి ఎవడో "యాభై చేసెయ్యండి సార్" అన్నాడట. క్లాసంతా నవ్వు. ఆనాటినుంచి క్యారేజీ నిండుగా తిరిగొస్తోందట. "అవ్వా, నేను రాత్రిపూట తినడం మానేశా, అమ్మకు చెప్పొద్దు" అంది.

పన్నెండేళ్ల పిల్ల. పెద్దమనిషయ్యే ఈడులో ఒళ్లు చేయడం మామూలే, ఎముక పెరగడానికీ నెత్తురు పట్టడానికీ తినాల్సిన వయసు. ఆ అంకె దానికి చేసిన మేలు నాకైతే కనపడలేదు.

సింగపూరులో 1992లో బళ్లలో ట్రిమ్ అండ్ ఫిట్ అని పెట్టారు. బరువెక్కువైన పిల్లల్ని వేరుచేసి అదనంగా కసరత్తు చేయించేవాళ్లు, తిండి వేళల్లోనూ కట్టడే. లావు పిల్లల లెక్క తగ్గింది కూడా. కానీ ఇంగ్లీషులో ఆ పేరు పొడి అక్షరాలను తిరగేస్తే లావు అనే మాటే వస్తుంది. పిల్లలకు అది కనిపెట్టడానికి ఎంతసేపు? వెక్కిరింతలకు గురైన పిల్లల గోడు పెరిగాక 2007లో ఆ పథకాన్ని తీసేశారు.

6. ఉత్తరానికి బరువు తగ్గదు

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రం 2003లోనే చట్టం చేసి, పిల్లల బీఎమ్ఐని తల్లిదండ్రులకు కాగితం మీద పంపింది. నాలుగేళ్లకు అన్ని తరగతులూ వద్దని కొన్నింటికే తగ్గించుకుంది. కాలిఫోర్నియాలో 79 బళ్లలో 28 వేలకు పైగా పిల్లల మీద పరీక్షించి చూశారు, 2021లో ఫలితం ప్రకటించారు. ఇంటికి రిపోర్టు పంపినా పంపకున్నా లావులో తేడా రాలేదు. బడిలో తూచిన పిల్లలకు తమ ఒంటి మీద అయిష్టం మాత్రం పెరిగింది. ఇంగ్లండు పద్ధతి నాకు కొంత నచ్చింది: చదువులో చేరినప్పుడొకసారి, పది పదకొండేళ్లప్పుడొకసారి తూస్తారు, తల్లిదండ్రులు వద్దంటే లేదు, అంకె తోటిపిల్లలకూ టీచర్లకూ చెప్పరు. మనకూ 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, వైద్య బృందం ఏడాదికోసారి సర్కారు బడికి వస్తుంది. చేయాల్సింది వాళ్లే. వాళ్ల దగ్గర స్టెతస్కోపు ఉంది, పైఆస్పత్రికి రాసే చీటీ ఉంది. ఆటల సారు దగ్గర ఈల ఉంది.

7. పిల్లకన్నా ముందు గేటును తూచండి

మనవరాలిని దింపడానికి పోయినప్పుడు చూశాను. గేటు దాటి పది అడుగులకే చిప్స్ తోరణాలు, రంగునీళ్ల సీసాలు. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న సరుకు బడికి 50 మీటర్లలోపు అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నియమం పెట్టింది. సీబీఎస్ఈ కూడా 2025లో, దేనిలో ఎంత చక్కెర ఉందో చెప్పే బోర్డులు పెట్టమంది. బోర్డు ఈ బడిలోనూ ఉంది, రిసెప్షన్‌లో, గాజు వెనక. వారానికి రెండు ఆటల పీరియడ్లలో ఒకటి లెక్కల సారు తీసుకుంటారని పిల్ల చెప్పింది. ఆ కార్డు మీద ఈ గడులేవీ లేవు.

హెడ్‌మిస్ట్రెస్ గారికి ఒకటిన్నర పేజీ రాసి, నేనే పట్టుకెళ్లాను. తూచడం మానమనలేదు. తెర కట్టండి, బూట్లు విప్పించండి, అంకెను మార్కుల కార్డులోంచి తీసి కవరులో పెట్టి తల్లికివ్వండి, ఎర్ర పెన్ను వద్దు, అనుమానముంటే డాక్టరును పిలిపించండి అన్నాను. అరగంట ఓపిగ్గా విన్నారు, నా పాత ఉద్యోగం గురించి అడిగారు, కాఫీ ఇచ్చారు.

నిన్న మనవరాలు ఫోన్ చేసింది. ఈ ఏడు నీలం తెర కట్టారట. తెర వెనకనుంచి సారు అంకెను గట్టిగానే చదువుతున్నారట.