వరిమళ్ల ఉపగ్రహ చిత్రణము: మెసయీద్ తెలుగు యువతకొక వృత్తిమార్గము

దోహాకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున, సముద్రతీరమందున్న మెసయీద్‌లో వరిచేనన్నది లేదు. ఇసుకయు, గొట్టపుమార్గములును, రేవును, 1973 నుండి ఎరువుల నుత్పత్తిచేయుచున్న కాఫ్కో కర్మాగారమును ఉన్నవి. అయినను గల్ఫు పరిశ్రమలలో షిఫ్టుపనులు చేయుచున్న మనవారిలో పలువురు గోదావరి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతముల కర్షక కుటుంబములవారే. మరియొక వృత్తిని వెదకుకొను అట్టివారికిని, ఇచ్చట చదువుకొనుచున్న వారి సంతానమునకును నేను మనఃపూర్వకముగా సూచింపదలచినది రిమోట్ సెన్సింగ్ అని వ్యవహరింపబడు దూరసంవేదన విద్య. అందునను విశేషించి వరిపైరును చిత్రించు శాఖ.

సార్వా ఊడ్పుల కాలమున మేఘములు దట్టముగా క్రమ్ముకొనియుండుటచేత సామాన్య ఛాయాచిత్రములు తీయు ఉపగ్రహములకు చేను కనబడదు. రాడార్ ఉపగ్రహమో, తానే సూక్ష్మతరంగములను భూమిపైకి పంపి, అవి తిరిగివచ్చు తీవ్రతను కొలుచునది గనుక, మేఘముగాని రాత్రిగాని దానికి అడ్డంకి కాదు. దమ్ముచేసి నీరుపెట్టిన మడి అద్దమువలె నునుపై, తరంగములను అవతలి దిక్కునకు పరావర్తనము చేయుటచేత చిత్రమున నల్లగా కనబడును. నాటిన మొక్క పాతుకొని, పిలకలు వేసి, కాండములు నీటిపై దట్టముగా నిలిచినకొలది తరంగములు వానిని తాకి వెనుకకు మరలుటచేత ఆ నల్లని మచ్చయే క్రమముగా తెల్లబడుచు వచ్చును. ఐరోపా అంతరిక్ష సంస్థ 2014 నుండి ప్రయోగించుచు వచ్చిన సెంటినెల్-1 ఉపగ్రహములలో ఒక్కొక్కటి 12 దినములకొకమారు అదే మార్గమున మరలివచ్చును. ఆ చిత్రములను వరుసగా పేర్చి ఈ పెరుగుదలరేఖను గుర్తించుటయే వరిపటమునకు మూలసూత్రము.

పల్లెటూరి జ్ఞానమునకు విలువ యేర్పడునది ఇచ్చటనే. భీమవరము, కైకలూరు ప్రాంతములలో చేపల చెరువులును రొయ్యల చెరువులును వరిమళ్లతో కలగలిసియున్నవి. ఒక్క చిత్రమును చూచువానికి రెండును నలుపే. ఋతువంతయు నల్లగా నిలుచునది చెరువనియు, నాట్ల పిమ్మట వన్నె మారునది మడియనియు కాలక్రమమును చూచువాడు గ్రహించును. మరియు సుమారు 120 దినములలో కోతకువచ్చు ఎం.టి.యు. 1010 అను వరివంగడమునకును, మారుటేరు పరిశోధనాలయము 1982లో విడుదల చేసిన, 140 దినములు పైబడి పట్టు స్వర్ణ వంగడమునకును పెరుగుదలరేఖ ఒక్కటి కాజాలదు. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యముగా చేరి ఊడ్పులు వెనుకబడుటయు కంప్యూటరు దానంతట ఎరుంగదు. గట్టుపై నిలిచి, అక్షాంశ రేఖాంశములను, పైరు దశను, నాటిన తేదీని సెల్‌ఫోనులో నమోదుచేసికొను క్షేత్రపరిశీలనము లేనిదే ఎంత సుందరమైన పటమైనను ఊహాచిత్రమే. సాఫ్ట్‌వేరును కొన్ని నెలలలో అభ్యసింపవచ్చును. ఈ వివేకమునకు ఏండ్లు పట్టును. అది ఇంటనే అబ్బినవారు దానిని తమ అర్హతలలో చేర్చుకొనకపోవుట నాకు మిక్కిలి విచారకరముగా తోచును.

ఉద్యోగములందురా, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము, పటాన్‌చెరులోని ఇక్రిశాట్, ఢిల్లీలో 2012లో ప్రారంభమైన మహలనోబిస్ జాతీయ పంట అంచనా కేంద్రము ప్రసిద్ధములు. 2023 ఖరీఫు నుండి ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకమున వరి, గోధుమ దిగుబడుల నిర్ణయములో ఉపగ్రహ సమాచారమునకు స్థానము కల్పింపబడినందున ప్రైవేటు సంస్థలకును ఈ నిపుణుల అవసరమేర్పడినది. వరంగల్ ఎన్.ఐ.టి., హైదరాబాదు జె.ఎన్.టి.యు., ఆంధ్ర విశ్వకళాపరిషత్తులలో ఈ విద్యలో ఎం.టెక్. చదువవచ్చును, అందలి ప్రవేశమునకు వ్రాయు గేట్ పరీక్షలో 2022 నుండి జియోమాటిక్స్‌నకు ప్రత్యేక ప్రశ్నపత్రము గలదు. డెహ్రాడూన్‌లోని భారతీయ దూరసంవేదన సంస్థ ఆన్‌లైన్ పాఠములను ఉచితముగా నేర్పుచున్నది గనుక మెసయీద్ వసతిగృహమున నుండియే ఆరంభింపవచ్చును.

గల్ఫులోనే నిలువదలచినవారికిని ఈ విద్య వ్యర్థము కాదు. సముద్రముపై తేలిన చమురు చిన్న అలలను అణచి నీటిని నునుపుచేయుటచేత రాడార్ చిత్రమున నల్లని మరకగా కనబడును. నీటిమడి నలుపును చదువనేర్చినవానికి ఈ నలుపు క్రొత్తది కాదు. గొట్టపుమార్గముల పటములకును, పట్టణముల భౌగోళిక సమాచార (జీఐఎస్) విభాగములకును ఇదియే పునాది.

మొదటి పనిగా మీ స్వగ్రామమున్న మండలమును ఎన్నుకొనుడు. జూన్ మొదలు నవంబరు వరకు గల సెంటినెల్-1 చిత్రములు ఉచితముగా లభించును. స్నాప్, క్యూజీఐఎస్ అను ఉచిత సాఫ్ట్‌వేరులతో వరిపటమును తయారుచేసి, ఇంటికి ఫోనుచేసి ఏ చేను ఎప్పుడు నాటిరో అడిగి సరిచూడుడు. ఎన్ని మళ్లు సరిపోయినవో, ఎన్ని తప్పినవో చూపు పట్టికను పటముతోడ జతపరచి ఇంటర్వ్యూకు తీసికొనిపొండు. పరీక్షకులు మొదట అడుగునది ఆ పట్టికనే.