పెద్దప్రేగు పుండ్ల వ్యాధి – దాని వ్యాప్తి క్రమం

వ్యాధుల విషయంలో ‘వ్యాపించుట’ అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాము. కలరా ఊరిలో వ్యాపిస్తుంది. పుండు దేహంలో వ్యాపిస్తుంది. మొదటిది మనిషి నుంచి మనిషికి సోకడం, రెండవది ఒకే శరీరంలో ఒకచోటి నుంచి మరొకచోటికి ప్రాకడం. ఈ భేదం తెలియనందువల్ల కొందరు రోగులు అకారణంగా చిన్నచూపుకు గురి అవుతున్నారు. అల్సరేటివ్ కోలైటిస్ అనే పెద్దప్రేగు పుండ్ల వ్యాధి ఇందుకు ఉదాహరణ. ఇది లోలోపల ప్రాకుతుందే కాని, ఒకరి నుంచి మరొకరికి అంటదు.

తెలుగు బోధించే నాకు ఈ వైద్య విషయంతో పని ఎట్లా కలిగిందో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఒక విద్యార్థి ఎప్పుడూ తలుపు దగ్గరి బెంచీ మీదనే కూర్చునేవాడు. గంటలో రెండుసార్లు బయటికి వెళ్లడానికి అనుమతి కోరేవాడు. పాఠంపై శ్రద్ధ లేదని ఒకనాడు అందరి ఎదుట మందలించాను. మరునాటి నుంచి అతడు రావడం మానివేశాడు. ఏడాదిగా విరేచనంలో రక్తం పడుతున్నా, మొలలని భావించి, సిగ్గుపడి, తల్లికి సైతం చెప్పలేదని తరువాత తెలిసింది. ఆ అజ్ఞానం అతనిది మాత్రమే కాదు, నాది కూడా. అటుపిమ్మట వైద్యులను అడిగి, పుస్తకాలు చదివి గ్రహించిన విషయాలే ఈ వ్యాసం.

వ్యాధి స్వరూపం

1859లో లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ ఈ వ్యాధిని వర్ణించాడు. దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి పెద్దప్రేగు లోపొర మీదనే దాడి చేయడం దీని లక్షణం. వంశలక్షణాలు, ప్రేగులలోని సూక్ష్మజీవులు ఇందులో పాలుపంచుకుంటాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. కారం తిన్నందువల్లనో, ‘వేడి చేసి’నందువల్లనో పుట్టేది కాదు. ఏ వయస్సులోనైనా రావచ్చు. కాని ఎక్కువగా 15 నుంచి 30 ఏళ్ల లోపున, అనగా విద్యార్థి దశలోనే, బయటపడుతుంది.

వ్యాప్తి క్రమం

పెద్దప్రేగు సుమారు 5 అడుగుల గొట్టం. పొత్తికడుపు కుడిప్రక్క మొదలై పైకెక్కి, అడ్డంగా సాగి, ఎడమప్రక్క ప్లీహం దగ్గర వంపు తిరిగి, క్రిందికి దిగి పురీషనాళంలో ముగుస్తుంది. ఆహారశేషం ఈ దారినే నడుస్తుంది. వ్యాధి మాత్రం సాధారణంగా పురీషనాళంలో మొదలై, ఈ దారికి ఎదురు నడుస్తుంది. వానకాలంలో గోడకు పట్టిన చెమ్మ నేల నుంచి ఎడం లేకుండా పైకి ప్రాకినట్లు ఇదీ ప్రాకుతుంది. అక్కడక్కడ మచ్చలుగా వచ్చి ప్రేగు గోడ మందమంతటినీ తినివేసే క్రోన్స్ వ్యాధికీ దీనికీ భేదం ఇదే. ఇది ముఖ్యంగా లోపొరకే పరిమితం.

2005 నాటి మాంట్రియల్ వర్గీకరణ దీనిని మూడు విధాలుగా విభజించింది: పురీషనాళానికి పరిమితమైనది, ప్లీహం వంపు వరకు ఎడమభాగంలో ఉన్నది, ఆ వంపు దాటినది. మొదట కొద్దిమేర ఉన్నవారిలో 10 సంవత్సరాలలో దాదాపు పదిమందికి ముగ్గురి చొప్పున పైకి ప్రాకుతుంది. తక్కినవారిలో అక్కడనే నిలిచిపోవచ్చు. చికిత్సతో వెనుకకు తగ్గడమూ కలదు.

కాలగమనంలో

ఈ వ్యాధి కొన్నాళ్లు అణగి, కొన్నాళ్లు విజృంభిస్తుంది. అణగినప్పుడు నయమైందని మందు మానివేయడమే పెద్ద పొరపాటు. రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలతో పాటు జ్వరం గాని, నాడి వేగం గాని ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి. ప్రేగు ఉబ్బి చిల్లు పడే ప్రమాదం ఉన్నది. కొందరిలో కీళ్లు, కళ్లు, చర్మం కూడా బాధపడతాయి. పురీషనాళం దాటి వ్యాపించినవారికి ఏళ్లు గడిచినకొద్దీ క్యాన్సర్ భయం పెరుగుతుంది. కావున లక్షణాలు మొదలైన 8 సంవత్సరాలకు కొలనోస్కోపీ చేయించుకొని, వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారం మరల చేయించుకోవాలి.

మన ప్రాంతంలో మరొక చిక్కు ఉన్నది. అమీబా వల్ల కలిగే రక్తవిరేచనాలు, ఉర్దూలో పేచిష్ అనేవి, అచ్చం ఇట్లాగే కనిపిస్తాయి. ఒకదాని మందు మరొకదానికి చేటు చేయవచ్చు. కనుక మల పరీక్ష, కొలనోస్కోపీ లేకుండా సొంతవైద్యం తగదు.

చికిత్స

స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్జ్ సల్ఫాసలజిన్‌ను వాడుకలోకి తెచ్చింది. 1955లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ట్రూలవ్, విట్స్ కార్టిజోన్ మేలు చేస్తుందని నిరూపించారు. 2005 నుంచి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి జీవఔషధాలు వచ్చాయి. ఇవేవీ పనిచేయనినాడు పెద్దప్రేగును తొలగించే శస్త్రచికిత్స ఉన్నది.

విద్యార్థులారా, రక్తం కనిపిస్తే దాచవద్దు. వ్యాధి కొద్దిమేర ఉన్నప్పుడే పట్టుకొనడం సులభం. కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: తరగతులకు సమీపంలో నీటి వసతిగల మరుగుదొడ్లు, రోగులైన విద్యార్థులకు హాజరులో సడలింపు కల్పించండి. ఆ విద్యార్థి చికిత్స పొంది, ఏడాది ఆలస్యంగానైనా పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడయ్యాడు. ఇప్పుడు నా తరగతిలో తలుపు దగ్గర కూర్చున్న వారెవ్వరూ బయటికి వెళ్లడానికి నా అనుమతి అడగనవసరం లేదు.