మన పిల్లికి ఇంట్లోనే వేట

స్టేషన్ ఘనపూర్‌లో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఒకవైపు కాజీపేట - సికింద్రాబాదు రైలుమార్గం, మరొకవైపు వరంగల్లు - హైదరాబాదు రహదారి. బయటికి పోతే ప్రమాదమని ఆ ఇంటివారు తమ పిల్లిని లోపలే పెంచుతున్నారు. కొద్దిరోజులకే అది కర్టెన్లు చీల్చింది. తెల్లవారుజామున నిద్రపోతున్నవారి కాలివేళ్ళ మీద దూకింది. "దీనికి పొగరెక్కింది, బయట వదిలేయండి" అన్నాడు తాతయ్య. వదిలితే పట్టాల మీదికి పోవచ్చు. మరి ఏం చేయాలి?

అది పొగరు కాదు. పిల్లి పుట్టుకతోనే వేటజంతువు. పొంచి ఉండటం, నక్కి నక్కి నడవటం, దూకటం, పట్టటం, కొరకటం, తినటం - ఇవన్నీ వరుసగా జరగాలి. మనం గిన్నెలో తిండి పెడితే చివరిమెట్టు ఒక్కటే మిగులుతుంది. కడుపు నిండినా వేటాడే కోరిక చావదు. వేకువన, సందెవేళ పిల్లికి చురుకు ఎక్కువ. అప్పుడు దుప్పటికింద కాలివేలు కదిలితే, అది ఎలుకలాగానే తోస్తుంది!

కాబట్టి మనమే ఒక ఎలుకను తయారుచేద్దాం. కర్రకు పురికొస కట్టి, దాని చివర కాగితపు ఉండ కట్టండి. దాన్ని పిల్లి మీదికి తోయకండి. ఏ ఎలుకా పిల్లికి ఎదురు పరుగెత్తదు కదా! దూరంగా లాగండి, మంచంకోడు చాటున ఆపండి, మళ్ళీ కదపండి. చివరకు పిల్లిని పట్టుకోనివ్వండి. వెంటనే తిండి పెట్టండి. వేట పూర్తయింది! టార్చిలైటు వెలుగును ఎంత తరిమినా పంజాకు ఏమీ చిక్కదు. అందుకే ఆ ఆట ఒక్కటే చాలదు.

ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. బయట తిరిగే పిల్లులతో రోజూ 5 - 10 నిమిషాలు ఇలా ఆడితే, అవి ఇంటికి తెచ్చే వేట సుమారు 25 శాతం తగ్గింది.

రెండు జాగ్రత్తలు. ఆట కాగానే పురికొసను దాచేయండి. మింగితే పేగులకు ప్రమాదం. చేతినే ఎరగా ఆడించకండి. పిల్లి కరిచినా, రక్కినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

పిల్లికి పాఠాలూ నేర్పవచ్చు. 1898లో అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను పెట్టెల్లో ఉంచి, బయట ఆహారం పెట్టాడు. మొదట అవి అటూ ఇటూ పెనుగులాడి అనుకోకుండా గడియ తీశాయి. మళ్ళీ మళ్ళీ ఉంచితే, తీసే సమయం తగ్గుతూ వచ్చింది. ఫలితమిచ్చిన పనే అలవాటయింది! మీరూ పేరుపెట్టి పిలవండి. రాగానే చిన్న చేపముక్క ఇవ్వండి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి తెలియదు. కొడితే మిమ్మల్ని చూసి భయపడటమే నేర్చుకుంటుంది.

ఇక ప్రయోగం మీది. ఒక వారం ఆట లేకుండా, మరొక వారం ఉదయం, సాయంత్రం పదేసి నిమిషాలు ఆడించి, పిల్లి కాళ్ళమీద ఎన్నిసార్లు దూకిందో నోటుబుక్కులో రాయండి. ఆ లెక్క తాతయ్యకు చూపించండి.